గుండీల డబ్బాలో ముప్పై రోజులు

మార్చి 4

కొలతల పుస్తకం వెనక పేజీల్లో రాస్తున్నాను. ముందు పేజీల్లో భుజాలూ నడుములూ ఉంటాయి. వెనక్కి ఎవరూ తిప్పరు.

ఆదివారం మరదలు వచ్చింది. "ఎలా ఉన్నావన్నయ్యా" అని అడిగింది. మా ఆయన చూపుడు వేలితో టైపు చేశాడు. ల్యాప్‌టాప్ తెర మీద గుండ్రం తిరగడం మొదలైంది. అది అలా తిరుగుతూనే ఉంది. మరదలు తన ఆఫీసు గొడవలన్నీ చెప్పింది, టీ తాగింది, కప్పు కడిగి బోర్లించింది, చెప్పులు వేసుకుంది. గేటు తీస్తుంటే అప్పుడు లోపలి నుంచి ఆయన గొంతు "బానే ఉన్నాను, నువ్వెందుకలా చిక్కిపోయావు" అంది. మరదలు గేటు పట్టుకుని నిలబడిపోయింది. నాకు ఒళ్లు మండింది, ఎవరి మీదో తెలియదు.

ఇరవై ఆరేళ్లు పళ్ల మార్కెట్‌లో వేలం వేసిన మనిషి. మార్కెట్లో అందరూ ఆయన్ని 'గడగడ' అని పిలిచేవాళ్లు. అవతలివాడు నోరు తెరిచేలోపు పది మాటలు అనేసేవాడు. నరాల జబ్బు ముందు ఆ నాలుకనే పట్టుకుంది. తర్వాత ఎడమ చెయ్యి, కాళ్లు, మెడ. ఇప్పుడు కుడి చూపుడు వేలు ఒక్కటే చెప్పిన మాట వింటోంది. మొహం కూడా వినదు, ఏడవాల్సిన చోట నవ్వొచ్చేస్తుంది.

నాలుక పూర్తిగా పోకముందే, మూడు నెలలు కూర్చుని పదహారు వందల వాక్యాలు చదివి రికార్డు చేయించుకున్నాడు. వాటితో ఈ ల్యాప్‌టాప్ ఆయన గొంతు కట్టుకుంది. టైపు చేస్తే ఆయనలాగే మాట్లాడుతుంది. కాకపోతే పావుగంట తర్వాత.

మార్చి 9

ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని రిపేరు షాపుకి వెళ్లాను. షాపాయన వెనక మూత విప్పి చూసి నవ్వాడు. ఎనిమిదేళ్ల మిషనట, ర్యామ్ రెండే జీబీలట. ర్యామ్ అంటే ఏమిటన్నాను. నా మెళ్లో వేలాడుతున్న టేపు చూసి, "ఇది మీరు గుడ్డ కత్తిరించే బల్లలాంటిదమ్మా. చిన్న స్టూలంత బల్ల మీద గుడ్డ తాను మొత్తం పరచమంటున్నారు. పాపం అది పరుస్తుంది, మడుస్తుంది, మళ్లీ పరుస్తుంది" అన్నాడు. టక్కున అర్థమైంది. ఆయన గొంతే ఆ తాను.

లోపల ర్యామ్ పెట్టే రెండో గాడి ఖాళీగానే ఉంది. అందులో ఎనిమిది జీబీ ముక్క బిగిస్తే పరుగెడుతుందట. ఆ ముక్క తన దగ్గర లేదు, పెద్ద షాపులో కొనుక్కోమన్నాడు. "మీరే బిగించుకోవచ్చు, సూదిలో దారం ఎక్కించడం కన్నా తేలిక" అన్నాడు.

ముక్క వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, ఆయన గొంతు తీసేసి రెడీమేడ్ గొంతు పెట్టడం. అది తేలికట. వినిపించాడు. స్టేషన్లో రైలు ఆలస్యమని చెప్పే గొంతు. ఇంటికొచ్చి ఆయన్ని అడిగాను. ఉతికిన బట్టలు ఆరేసి వచ్చాక జవాబు వచ్చింది. "ఎవడో నా ఇంట్లో మాట్లాడటమేంటి."

మార్చి 12

ఆస్పత్రి. డాక్టరమ్మ ఆయన ఊపిరి కొలిచింది. పోయిన నెలకీ ఇప్పటికీ బాగా పడిపోయింది. గొంతుకు రంధ్రం చేసి ఊపిరి మిషను తగిలిస్తే కొన్నేళ్లు ఉండొచ్చట. లేకపోతే కొన్ని నెలలే. తగిలించాక రాత్రీ పగలూ దానితోనే, మంచంలోనే. "ఇది మీరే చెప్పాలి, ఇంకెవరూ కాదు" అని ఆయనతోనే అంది.

ఆయన టైపు చేశాడు. గుండ్రం తిరిగింది. బయట ఇంకా పద్నాలుగు మంది కూర్చుని ఉన్నారు. డాక్టరమ్మ గడియారం చూసింది, ఆయన్ని చూసింది. ఆయన తల కిందికి వంగింది.

"సరేనంటున్నారు, అంతేగా?" అని నన్నడిగింది.

అవునన్నాను.

ఏప్రిల్ 24న ఆపరేషను. 22న సంతకాలకి రమ్మంది.

వరండాలో చక్రాల కుర్చీ తోసుకొస్తుంటే ఆయన ఒళ్లో ల్యాప్‌టాప్ "వద్దు" అంది. అప్పుడు మంచినీళ్ల కుళాయి పక్క నుంచి వెళ్తున్నాం. నీళ్లు వద్దంటున్నాడనుకున్నాను.

మార్చి 13

తల ఊపాడు. డాక్టరమ్మా చూసింది, నేనూ చూశాను.

మార్చి 15

నీళ్లే. ఆ రోజు ఎండ కూడా ఎక్కువగానే ఉంది.

మార్చి 17

పెద్ద షాపుకెళ్లి ముక్క కొన్నాను. ఇంటికొచ్చి వెనక మూత విప్పితే అది గాడికన్నా పొడుగుంది. బల్ల మీద పెట్టుకునే కంప్యూటరుకి పెట్టే ముక్కట. ల్యాప్‌టాప్‌ది పొట్టిగా ఉంటుందట. నాకేం తెలుసు. పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. మూత మళ్లీ బిగించేశాను.

ఆయన చూస్తూనే ఉన్నాడు.

మార్చి 22

మరదలు పొట్టి ముక్క పట్టుకొచ్చింది. నేను తెచ్చిన పొడుగుది చూసి, "ఇంత తెలివైనదానివి, నువ్వెలా పొరబడ్డావు వదినా" అంది. షాపువాడి తప్పని చెప్పాను. ఇప్పుడే బిగించేస్తానంది. నాకు భయమేసింది. ఆదివారం పూట పాడైతే రిపేరుకి ఎవరు దొరుకుతారు, రేపు షాపాయన చేతే బిగిస్తానన్నాను. సరేనని వెళ్లిపోయింది.

ముక్క వెండి రంగు కవర్లో ఉంది. వేలెడంత ఉంది, అంతే. పారేసుకుంటానని గుండీల డబ్బాలో పెట్టాను.

మార్చి 23

ఆస్పత్రి కోట్లు నలభై కుట్టాలి. రేపు వెళ్తాను.

మార్చి 26

వర్షం. ల్యాప్‌టాప్ తడిస్తే కష్టం.

మార్చి 30

కోట్లు.

ఏప్రిల్ 5

మరదలు వచ్చింది. ల్యాప్‌టాప్ ఇంకా నత్తలాగే ఉందేమిటంది. షాపాయన ఊళ్లో లేడన్నాను. ఉన్నాడు. పొద్దున పాల కోసం వెళ్తే షట్టరెత్తుతూ పలకరించాడు కూడా. మరదలు నా మొహం వైపు కాసేపు చూసింది. అబద్ధాలాడటం నాకు చేతకాదు. అయినా ఆడేస్తున్నాను.

ఆవిడ ఉన్నంతసేపూ నేను ఆ గదిలోంచి కదల్లేదు. ఆయనేమీ టైపు చెయ్యలేదు.

ఏప్రిల్ 8

ఆయన వేలు టైపు చేస్తుంటే మధ్యలో ఆగిపోతోంది. ఒక అక్షరం కొట్టి చాలాసేపు దాని మీదే పడుకుంటోంది.

నేను పక్క గదిలో కుడుతూనే ఉన్నాను. ఈ మధ్య పెడలు గట్టిగా తొక్కుతున్నాను. మోటారు మోత బాగానే ఉంటుంది.

ఏప్రిల్ 11

ఈ రోజు దారం తెగింది. మిషను ఆపాను. సరిగ్గా అప్పుడే ఆయన గదిలోంచి వినిపించింది.

"రెండోసారి."

అంతే. ముందూ లేదు, వెనకా లేదు.

మార్కెట్‌లో వేలం పాట ఒకచోట ఆగిపోయాక ఆయన ఆ మాట మూడుసార్లు చెప్పేవాడు. ఒకటోసారి. రెండోసారి. మూడోసారి అన్నాక చెక్క సుత్తి పడుతుంది, ఇక ఎవరూ ఏమీ అనడానికి లేదు. కానీ రెండుకీ మూడుకీ మధ్య ఆగేవాడు. చుట్టూ నిలబడ్డ వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసేవాడు, ఇంకా ఎవరికైనా చెప్పేది ఉందేమోనని. అలా ఆగడం వల్లే మార్కెట్లో ఆయన్ని నమ్మేవాళ్లు.

ఒకటోసారి వరండాలో అన్నాడు. ఇప్పుడు ఆగి నా మొహం చూస్తున్నాడు.

నాకు నేను రాసుకునే చోట కూడా అబద్ధం ఎందుకు. రాస్తాను.

ఆయన మామూలు నీళ్లు తాగి రెండు నెలలైంది. పొడి వేసి చిక్కగా కలిపి చెంచాతో నేనే పడుతున్నాను. కుళాయి చూసి ఆయన వద్దనడమేమిటి. అది నీళ్ల గురించి కాదు.

ఆయన తల ఊపలేదు. మార్కెట్‌లో తల ఊపితే పాట పెంచినట్టే లెక్క, అందుకని వేలం వేసేవాడు పొరపాటున కూడా ఊపకూడదు. అలా ఇరవై ఆరేళ్లు గడిపినవాడు ఇంట్లో కూడా ఊపడం మానేశాడు. టీ కావాలా అంటే నోటితో కావాలి అనాల్సిందే. పెళ్లైన కొత్తలో ఎన్నిసార్లు ఆటపట్టించానో. ఆ రోజు మెడ నిలవక తల వాలింది. డాక్టరమ్మ ఊపాడనుకుంది. ఆవిడకి తెలియదు. నాకు తెలుసు.

ఇంకొకటి. పెద్ద షాపులో కుర్రవాడు అడిగాడు, ల్యాప్‌టాప్‌కా, బల్ల మీద కంప్యూటరుకా అని. కంప్యూటరుకే అన్నాను.

ఏప్రిల్ 12

ఈ ఆదివారం మరదలికి ఒంట్లో బాగోలేదట. రాలేదు. హమ్మయ్య అనుకున్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఏప్రిల్ 15

ఆయన పోతే నేనేం చెయ్యాలి. ఇంతే నా ప్రశ్న. మంచంలో ఉన్నా సరే, మాట్లాడకపోయినా సరే, ఆ గదిలో ఒక మనిషి ఉంటాడు. నేను ఇలా ఆలోచించడం తప్పా?

ఏప్రిల్ 16

తప్పే.

ఏప్రిల్ 19

మరదలు వచ్చింది. ల్యాప్‌టాప్ సంగతి అడగలేదు. వెళ్తూ వెళ్తూ, "బుధవారం సంతకాలైపోతే అన్నయ్యని ఇంకేం అడగక్కర్లేదులే వదినా" అంది. ఎందుకన్నదో తెలియదు. ఆపరేషను దగ్గరికొచ్చిందని ధైర్యం చెప్పిందో, దెప్పిందో.

ఏప్రిల్ 21

కోటుకి గుండీ కుట్టాలి. ఆయన గదిలో వెలుతురు బాగుంటుందని అక్కడే నేల మీద కూర్చున్నాను. డబ్బాలో తెల్ల గుండీలన్నీ అడుక్కి పోయాయి. చెయ్యి పెట్టి కలిపి, విసుగొచ్చి డబ్బా బోర్లించాను.

గుండీలతో పాటు వెండి కవరు కూడా జారి ఆయన కుర్చీ చక్రం దగ్గర పడింది.

ఆయన దాన్ని చూశాడు. నన్ను చూశాడు. ఆయనకి నవ్వొచ్చేసింది. జబ్బు నవ్వు, ఆపుకోలేని నవ్వు. భుజాలు కదిలిపోతున్నాయి, కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. నేను గుండీలు ఏరుతూ కూర్చున్నాను. ఒక్కొక్కటే. ఏరడానికి ఇంకేమీ మిగలలేదు.

కుట్టుమిషను స్క్రూడ్రైవరు తెచ్చాను. ల్యాప్‌టాప్ ఆపి, బ్యాటరీ తీసి పక్కన పెట్టాను. వెనక మూతకి రెండే స్క్రూలు. లోపల పాత ముక్క, దాని పక్కన ఖాళీ గాడి. కొత్త ముక్కకి కింద చిన్న చీలిక ఉంది, గాడిలో ఉన్న గుబ్బకి అది సరిపోవాలి. ఏటవాలుగా దూర్చి కిందికి నొక్కాను. అటూ ఇటూ క్లిప్పులు టిక్కుమని పట్టుకున్నాయి. నిజంగానే సూదిలో దారం కన్నా తేలిక.

బ్యాటరీ పెట్టి మీట నొక్కాను. తెర నల్లగా ఉండిపోయింది. మూడుసార్లు కీచుమంది.

ఆ క్షణంలో అనిపించింది, ఇది పాడైపోతే నా తప్పు కాదు కదా అని. ఆ మాట కూడా ఇక్కడ రాసి పెడుతున్నాను. అనిపించింది.

మళ్లీ విప్పాను. ఒక పక్క క్లిప్పు సగమే పట్టింది. తీసి, కొస తుడిచి, గట్టిగా నొక్కాను. ఈసారి తెర వెలిగింది. గుండ్రం ఒకే ఒక్కసారి తిరిగి పోయింది.

ఆయన చేతి కింద పెట్టాను. వేలు కదిలింది. చివరి అక్షరం మీద నుంచి వేలు లేవకముందే గొంతు వచ్చేసింది. ఏడాది కిందట ఈ ఇంట్లో ఉన్న గొంతు.

"ఎన్నాళ్లయింది అది తెచ్చి?"

"ముప్పై రోజులు."

"గుండీల్లోనా?"

"ఊఁ."

"మంచి చోటే దాచావు."

నేనింక ఆపుకోలేకపోయాను. "మీరు పోతే నేనేం కావాలి" అని అడిగేశాను.

కాసేపు వేలు కదల్లేదు. ఈసారి ఆలస్యం ల్యాప్‌టాప్‌ది కాదు.

"గొట్టం పెట్టుకుని పడుండి, నువ్వు అరిగిపోతుంటే చూస్తూ ఉండమంటావా? నా వల్ల కాదు."

మరి మీ చెల్లెలికి ఎందుకు చెప్పలేదన్నాను. ఆదివారాలు వస్తూనే ఉంది కదా, ఎంత ఆలస్యమైనా ఒక్క మాట చెప్పలేకపోయారా అన్నాను.

"నిన్ను పట్టిచ్చి నేనేం బావుకుంటాను" అన్నాడు.

ఏప్రిల్ 22

డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని కూర్చుంది. సంతకం ఇక్కడ అని నాకు పెన్నిచ్చింది. నేను తీసుకోలేదు. ఆయన్నే అడగండి అన్నాను. నా నోరే ఆ మాట అంది.

ఆవిడ అడిగింది. అడగడం పూర్తికాకముందే జవాబు వచ్చేసింది.

"వద్దు. ఒకటోసారి."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది.

"వద్దు. రెండోసారి."

ఇక్కడ ఆగాడు. కళ్లు తిప్పి నన్ను చూశాడు. మార్కెట్లో నిలబడ్డ వాళ్లని చూసినట్టే, తొందరేమీ లేకుండా చూశాడు. చెప్పడానికి నా దగ్గర చాలా ఉంది. ఒక్కటీ చెప్పలేదు.

"వద్దు. మూడోసారి."

డాక్టరమ్మ కాగితాలు మడిచింది. తర్వాత నా వైపు తిరిగింది. "మరి ఆ రోజు సరేనన్నారని మీరే చెప్పారు కదా?" అంది. నేను నోరు తెరిచాను. నిజమే చెప్పేదాన్ని, చెప్పాలనే తెరిచాను. ఈలోపే ఆయన గొంతు అందుకుంది.

"ఆ రోజు నా మెడ వాలింది. మా ఆవిడ తల ఊపాననుకుంది."

ల్యాప్‌టాప్ ఇదివరకటిలాగే ఉంటే ఆ మాట వచ్చేసరికి నేను దొరికిపోయేదాన్ని.

ఏప్రిల్ 26

నోరు మూయడం లేదు. కోట్లు సరిగ్గా మడతపెట్టలేదని, ఫ్యాను కూస్తోందని, పక్కింటాయన దగ్గు దొంగ దగ్గని. మరదలు వస్తే, ఆవిడ కూర్చున్న పాత కుర్చీని ఆవిడకే వేలం వేశాడు, ఆవిడ నవ్వలేక చచ్చిపోయింది. పోతూ పోతూ నన్ను గట్టిగా పట్టుకుంది. ఏమీ అడగలేదు.

ఏప్రిల్ 29

మార్కెట్ నుంచి ఇద్దరు వచ్చారు. గుమ్మంలోనే ఆయన గొంతు విని ఒకతను చెప్పులతోనే లోపలికి పరుగెత్తుకొచ్చాడు, బాగైపోయిందనుకుని.

మే 2

ముక్క బిగించి పదకొండు రోజులు.

మే 3

ఈ రోజు వేలు లేవలేదు. వెచ్చటి నీళ్లలో పెట్టాను, నూనె రాసి మర్దన చేశాను. ల్యాప్‌టాప్ తెరిచే ఉంచాను. అది వెలుగుతూ కూర్చుంది, చెబితే చాలు అన్నట్టు.

మే 9

లేవలేదు.

మే 20

నిన్న పొద్దున పోయాడు. నిద్రలోనే. నేను పక్కనే ఉన్నాను, కుట్టుమిషను దగ్గర కాదు.

జూన్ 3

మరదలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, అన్నయ్య గొంతు ఎక్కడికీ పోకుండా ఇంకో చోట కూడా దాచిపెడతానంది. ఆ పని చేస్తూ, "వదినా, ఇందులో అన్నయ్య టైపు చేసిందంతా ఉంది. తేదీ, టైముతో సహా" అంది. నొక్కితే మళ్లీ మాట్లాడుతుందట. ఆవిడ వెళ్లాక చూస్తానన్నాను. ఎందుకో అర్థమైనట్టుంది, త్వరగా వెళ్లిపోయింది.

పొద్దున పదకొండింటికి కూర్చున్నాను. మార్చి 22 దగ్గర మొదలుపెట్టాను. ముక్క డబ్బాలోకి వెళ్లిన రోజు.

ఆ ముప్పై రోజులూ "వద్దు" అనే ఉంటుందనుకున్నాను. ప్రతి పేజీలో అదే ఉంటుంది, చదవాలి, అదే నా శిక్ష అనుకున్నాను. మొత్తం వెతికాను. "రెండోసారి" అన్న ఆ ఒక్క మాట తప్ప, దాని ఊసే లేదు.

కిటికీ కొంచెం తియ్యి.

ఆ ఆకుపచ్చ రంగు నీకు బాగుంది.

వర్షం వాసన వస్తోంది.

భోంచేశావా.

ఇవాళ నడుం నొప్పెలా ఉంది.

ఆకుపచ్చ రంగు మార్చి 28న. ఆ రోజు మందు పట్టి, వేలు కదలడం చూసి, గుండ్రం తిరగడం మొదలవగానే లేచొచ్చేశాను. ఏం వినాల్సి వస్తుందోనని. అప్పుడాయన అంటున్నది ఇది.

ఒక్క మాటకి భయపడి మిగతావన్నీ కాలదన్నుకున్నాను. ఆ ముక్క ఇంటికొచ్చాక వేలు కదిలిన రోజులు నలభై ఒకటి. ముప్పై నేనే గుండీల కింద పెట్టి మూత వేశాను. పదకొండు మిగిలాయి. ఆయన్ని ఎక్కువ రోజులు ఉంచుకుందామనే కదా చేశాను.

ఒక వాక్యం తొమ్మిదిసార్లు ఉంది. తొమ్మిది వేర్వేరు రోజులు, అన్నీ పొద్దున పదకొండుకీ పన్నెండుకీ మధ్య. నేను పక్క గదిలో పెడలు గట్టిగా తొక్కే వేళ. ఆ మోతలో ఒక్కటీ వినలేదు.

ఏప్రిల్ 10వ తేదీది నొక్కాను. గుండ్రం తిరగలేదు. వెంటనే వచ్చింది, పక్కన కూర్చుని అడిగినట్టు.

"ఏం కుడుతున్నావు?"

ఆస్పత్రి కోట్లు, అన్నాను. నలభై. మెడ దగ్గర పట్టీ ఎన్నిసార్లు విప్పి కుట్టినా సరిగ్గా రావడం లేదు.